గొర్రెపిల్ల ఉన్న రాయి

దైవాశీర్వాదం గారికి చచ్చిపోయినవాళ్లంటే మహా ప్రీతి. బతికున్నవాళ్లు ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా "మీటింగ్‌లో ఉన్నా బ్రదర్" అని పెట్టేస్తాడు. అదే నూట అరవై ఏళ్ల కిందట పోయిన జనరల్ ఎవరైనా అయితే, ఆయన ఎక్కిన గుర్రం పేరుతో సహా చెబుతాడు. ఆయన అమెరికా వచ్చి పాతికేళ్లు దాటింది. ఆష్‌బర్న్ తెలుగు చర్చిలో పెద్ద. బానిసత్వం మీద ఇక్కడి ఉత్తర, దక్షిణ రాష్ట్రాలు కొట్టుకున్న సివిల్ వార్ ఆయనకు పట్టిన పిచ్చి. అందుకే వినయ్ కుమార్, పర్సిస్ దంపతులు సోమవారం విమానం ఎక్కి ఇండియా వెళ్లిపోతున్నారని తెలియగానే, వాళ్లను సాగనంపడానికి ఆయనకు తోచిన మర్యాద రిచ్‌మండ్ దగ్గర నది ఒడ్డున ఉన్న ఒక పాత శ్మశానాన్ని చూపించడం.

"వర్జీనియాలో ఇన్నేళ్లుండి మాగ్నోలియా హిల్ చూడకుండా వెళ్లిపోతారా బ్రదర్? ఎంత బ్యూటిఫుల్ ప్లేస్ తెలుసా? అమెరికన్స్ పెళ్లి ఫొటోలు కూడా అక్కడ తీయించుకుంటారు," అన్నాడు.

బిడ్డను ఈ దేశపు మట్టిలో పెట్టి వెళ్లిపోతున్న తల్లిని శ్మశానానికి విహారయాత్ర తీసుకెళ్లడమేమిటని ఆయనకు తట్టలేదు. ఆయన భార్య ప్రేమజ్యోతికి తట్టింది. "ఇంకెక్కడికైనా వెళ్దామండీ," అని గొణిగింది కూడా. కానీ పర్సిస్ ఆ మాట పూర్తికానివ్వలేదు. "వెళ్దాం అక్కా, చూస్తాను," అంది. ఆమె అవసరం ఆమెది. ప్రేమజ్యోతితో రోజంతా గడిపితే తప్ప అడగలేని సాయం ఒకటి ఆమె అడగాలి.

పర్సిస్ కూతురు హెప్సిబా. అందరూ హెప్సీ అనేవాళ్లు. పుట్టుకతోనే గుండెలో లోపం. మొదటి పుట్టినరోజుకని ముందే కొన్న గులాబీరంగు గౌను తొడిగి పెట్టెలో పడుకోబెట్టారు. అది జరిగి మూడేళ్లయింది. అప్పుడు వినయ్‌కి మంచి ఉద్యోగం, గ్రీన్ కార్డు వరసలో పేరు ఉన్నాయి. ఎలాగూ ఇక్కడే ఉంటాం కదా అని ఆష్‌బర్న్ పక్కనే ఒక కొత్త సిమెట్రీలో పాతిపెట్టారు. ఈ జనవరిలో కంపెనీ లేఆఫ్ చేసింది. ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండనిచ్చే గ్రేస్ పీరియడ్‌లో ఇంకోటి దొరకలేదు. బతికున్న ఇద్దరికీ టికెట్లు బుక్ చేశాడు వినయ్. మూడోమనిషి సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

హెప్సీ ఉన్నచోట నేల నుంచి లేచే రాయి పెట్టనివ్వరు. గడ్డి కోసే మెషీన్ పైనుంచి పోవాలి కాబట్టి, నేలకు సమానంగా కంచు పలక మాత్రమే. కొవ్వొత్తి వెలిగించకూడదు. బొమ్మ పెడితే వారం తిరక్కుండా తీసి పారేస్తారు. పర్సిస్‌కు మిగిలిన పని ఒక్కటే, పలకను తోమడం. పుట్టింట్లో ఇత్తడి బిందెలు తోమినట్టే చింతపండుతో తోమేది. కూతురి పేరు తళతళలాడేది. గడ్డి మొక్కలు అంచుల మీదికి పాకితే గోళ్లతో పీకేది. నెల రోజులు వెళ్లకపోతే సగం పలక గడ్డిలో కలిసిపోయేది. ఇక ముందు నెలలు కాదు, ఏళ్లు వెళ్లదు.

ఆ రోజు ఈస్టర్‌కు ముందు శనివారం. ఇదే రోజు రేపల్లెలో పర్సిస్ వాళ్ల పేట శ్మశానం తిరనాళ్లలా ఉంటుంది. సున్నం బకెట్లు, కుంచెలు, నీలిమందు పొట్లాలు పట్టుకుని ఇంటిల్లిపాదీ వస్తారు. సమాధులకు సున్నం కొట్టి, పేర్లు నల్లరంగుతో కొత్తగా దిద్ది, మర్నాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగిస్తారు. సున్నం పడని సమాధి కనిపిస్తే పర్సిస్ తల్లి ఊరుకునేది కాదు. "దిక్కులేని సమాధమ్మా, పాపం. నువ్వో పూత వేసి రా. రేపు మనం లేనప్పుడు మనోళ్లకి ఎవరో వేస్తారు," అనేది. తమవాళ్లకు వేసిన చేత్తోనే పక్కవాళ్లకూ వేయడం ఆ పేటలో అందరికీ అలవాటు.

అందుకని పర్సిస్ ఒక సంచీ సర్దుకుంది. మంచినీళ్ల సీసా నిండా చిక్కటి చింతపండు రసం, గిన్నెలు తోమే స్టీలు పీచు, పాత నూలుచీర ముక్క. తిరిగి వచ్చేటప్పుడు అందరూ హెప్సీ దగ్గర ఆగాలి. పలక ఎలా తోమాలో ప్రేమజ్యోతికి చూపించాలి. అంతకుముందే ఎక్కడో ఒకచోట ఆమెను అడగాలి.

వినయ్ కారు అప్పటికే అమ్మేశాడు. నలుగురూ దైవాశీర్వాదం కారులోనే వెళ్లారు. రెండు గంటల దారిలో ఆయన యుద్ధం ఎలా మొదలైందో చెప్పాడు, ముగించేలోపు శ్మశానం వచ్చేసింది.

నిజానికి అందమైన చోటే. కొండవాలంతా చెట్లు, విరగబూసిన అజేలియాలు, కింద రాళ్ల మీద నది చప్పుడు. చెట్లమధ్య వేల సమాధులు. రెక్కలు విరిగిన దేవదూతలు, పక్కకు ఒరిగిన స్తంభాలు, పాచి పట్టిన శిలువలు. కెమెరాలు మెడలో వేసుకున్న మనుషులు తల పక్కకు వాల్చి, మెల్లగా మాట్లాడుకుంటూ తిరుగుతున్నారు. ఒకావిడ పెయింటింగ్ వేసుకుంటోంది. రాయి ఎంత నల్లగా ఉంటే అంత ఎక్కువసేపు నిలబడుతున్నారు దాని ముందు.

పర్సిస్‌కు ఆ అందం కళ్లకు ఆనలేదు. సున్నం ముఖం చూడని సమాధులు ఇన్ని ఒక్కచోట ఆమె ఎప్పుడూ చూడలేదు. ఒక్కో రాయి దగ్గరా తల్లి గొంతే వినిపిస్తోంది, దిక్కులేనిది, ఇదీ దిక్కులేనిదే, ఇదీ. ఇంత గొప్పవాళ్లు, ఇంత ఖరీదైన రాళ్లు, చివరికి ఒక్క మనిషి కూడా బకెట్ పట్టుకుని రాలేదా అనుకుంది. వీళ్లకే లేకపోతే నా బిడ్డకెవరొస్తారు అని గుండెల్లో రాయి పడింది.

"చూశారా, ఆ పాచి క్లీన్ చెయ్యరు. అదే దీని క్యారెక్టర్," అన్నాడు దైవాశీర్వాదం మురిసిపోతూ.

కొండ అవతలివైపు ఇనుపకంచె, దాని వెనక ఖాళీ నేల. అక్కడ రాళ్లు లేవు. నేల మాత్రం అక్కడక్కడా మనిషి పొడుగున కుంగి ఉంది. ఆ గుంటల నిండా నీలిపూల తీగ.

"అదేంటన్నా?" అన్నాడు వినయ్. పొద్దుటినుంచి అతను నోరు విప్పింది అప్పుడే.

"అదా, స్లేవ్స్‌ని అక్కడ పెట్టేవాళ్లంట. పేర్లూ అవీ ఏం లేవు. రండి, గవర్నర్ సమాధి ఇటు."

పర్సిస్ కంచె దగ్గర కాసేపు నిలబడిపోయింది. రేపల్లెలో తమ పేట శ్మశానం ఊరికి ఏ దిక్కున, ఎంత దూరంలో ఉండేదో ఆమెకు తెలుసు. తాతను పెట్టినచోట రాయి లేదని, వేపచెట్టు గుర్తుతో వెతుక్కునేవాళ్లమని నాన్న చెప్పేవాడు. తర్వాత చెట్టు కొట్టేశారు.

మగవాళ్లిద్దరూ గవర్నర్ దగ్గరికి వెళ్లాక, ఆడవాళ్లిద్దరూ నదివైపున్న బెంచీ మీద కూర్చున్నారు. ప్రేమజ్యోతి ఫ్లాస్కు తీసి టీ పోసింది. పర్సిస్ కప్పు పట్టుకుంది గానీ తాగలేదు.

"అక్కా, నిన్నొకటి అడగాలి."

"అడుగమ్మా."

"హెప్సీని నీకు అప్పజెప్పి వెళ్దామనుకుంటున్నా. ఎక్కువేం వద్దు. ఈస్టర్‌కి ఒకసారి, దాని పుట్టినరోజుకి ఒకసారి వెళ్లి పలక తోమి, గడ్డి పీకి, రెండు పూలు పెడితే చాలు. ఒక ఫొటో తీసి వాట్సాప్ చెయ్యి. ఎలా తోమాలో సాయంత్రం చూపిస్తా."

ప్రేమజ్యోతి కప్పు కింద పెట్టింది. ఆ పెట్టడంలోనే పర్సిస్‌కు జవాబు తెలిసిపోయింది.

"నీ బాధలో నువ్వుంటే ఎందుకులే అని చెప్పలేదు పర్సీ. జూన్‌లో మేం డల్లాస్ వెళ్లిపోతున్నాం. మా అమ్మాయి స్మృతికి డెలివరీ, ఆ తర్వాత పిల్లని ఎవరు చూస్తారు? ఇల్లు కూడా సేల్‌కి పెట్టేశాం."

పర్సిస్ తాగని టీని గడ్డిలో పారబోసింది.

"చర్చిలో ఎవరికైనా చెప్తాలేమ్మా. పాస్టర్ గారికి చెప్తా."

చర్చిలో ఎవరికి? వీసా ఉన్నవాడికి ఉద్యోగం ఎక్కడుంటే అక్కడ ఊరు. హెప్సీ పెట్టె మోసిన నలుగురిలో ఇద్దరు ఆస్టిన్‌లో ఉన్నారు, ఒకరు సన్నీవేల్‌లో, నాలుగోవాడు కెనడా వెళ్లిపోయాడు. ఆ రోజు పాటలు పాడినవాళ్లలో సగంమంది ఇప్పుడు ఈ ఊళ్లో లేరు, కొత్తగా వచ్చినవాళ్లకు హెప్సీ అనే పాప ఒకతి ఉండేదనే తెలియదు. పాస్టర్ గారు ఎనిమిది నెలల కిందట వచ్చారు.

"అయినా బిడ్డ ప్రభువు దగ్గరుంది కదమ్మా. అక్కడుంది మట్టేగా," అంది ప్రేమజ్యోతి, ఆమె చెయ్యి పట్టుకుని.

"మట్టే అయితే, మీ నాన్నగారి సమాధికి ప్రతి ఈస్టర్‌కీ రంగులేయించి ఫొటో ఎందుకు తెప్పించుకుంటావక్కా?"

ప్రేమజ్యోతి కళ్లు తుడుచుకుంది. ఆమె మంచిదే. మంచితనం ఉన్నంతమాత్రాన మనిషి ఆష్‌బర్న్‌లో ఉండిపోతుందా? పర్సిస్ సంచీ తీసుకుని లేచింది. "కాసేపు అలా నడిచొస్తా," అని వాలు దిగి వెళ్లిపోయింది.

దిగువన, ముళ్ల ఆకుల చెట్టు నీడలో, మోకాలెత్తు కూడా లేని పాలరాయి ఒకటి ఉంది. దాని మీద ఒక గొర్రెపిల్ల పడుకుని ఉంది. ఒకప్పుడు చెవులూ మూతీ ఉండే ఉంటాయి. ఇప్పుడు అరిగిన సబ్బుబిళ్లలా ఉంది. రాయంతా నల్లటి పొర. పర్సిస్ మోకాళ్ల మీద కూర్చుని వేలుతో ఒక్కో అక్షరం తడిమి చదివింది. ఐడా. కింద, ఫలానావారి ఒక్కగానొక్క బిడ్డ అని. ఇంటిపేరు అప్పటికే పోయింది. పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం రెండూ ఒకటే.

హెప్సీ పలక మీద కూడా రెండూ ఒకటే.

ఐడా తండ్రి ఎలాంటివాడో, కంచె అవతలివాళ్లలో ఎందరిని కొన్నాడో, ఎందరిని అమ్మాడో పర్సిస్‌కు తెలియదు. ఐడాకూ తెలిసి ఉండదు. ఏడాది నిండని బిడ్డకు పాలు తప్ప ఏం తెలుస్తుంది? పర్సిస్ సంచీ విప్పింది. ఆ రసం హెప్సీ కోసం తెచ్చింది. కానీ తల్లి చెప్పిన మాట ఒక్కసారిగా బతికొచ్చినట్టయింది. మనుషులెవరూ మాటివ్వలేదు కాబట్టి, ఆమె మనుషుల్ని దాటి నేరుగా అడిగింది. కళ్లు మూసుకుని, పైకి వినబడేలాగే అడిగింది.

"ప్రభువా, ఈ బిడ్డకి దిక్కెవరూ లేరు. నేను చేస్తున్నా. నేనీ బిడ్డకి ఎలా చేస్తే, నా హెప్సీకి కూడా ఎవరిచేతైనా అచ్చం అలాగే చేయించు."

చింతపండు రసం గొర్రెపిల్ల వీపు మీద పోసింది. రాయి మీద సన్నగా బుడగలు లేచాయి. ఇన్నేళ్ల మురికి పొంగి బయటికొస్తోందనుకుని సంతోషించింది. పీచుతో రుద్దింది. నల్లపొర జారి, కింద తెల్లటి తెలుపు బయటపడింది, అప్పుడే సున్నం కొట్టినంత తెలుపు. మూడేళ్లలో మొదటిసారి పర్సిస్ నోట్లో పాట ఆడింది. ఈస్టర్ తెల్లవారుజామున శ్మశానంలో పాడే పాట. గొర్రెపిల్ల అయ్యాక రాయి ముఖం మీదికి వచ్చింది. అక్షరాల సందుల్లో నలుపు గట్టిగా పట్టుకుని ఉంటే, మరికాస్త రసం పోసి, నాననిచ్చి, పీచును వేలికి చుట్టి బలంగా తోమింది. హెప్సీ అక్షరాలను ఎంత శ్రద్ధగా తోమేదో అంత శ్రద్ధగానూ తోమింది.

వేళ్లకు గరగరా ఏదో తగిలింది. ఇసకేమో అనుకుంది. ఖాళీ అయిన సీసాతో దారి పక్క కొళాయి నీళ్లు పట్టి తెచ్చి కడిగింది. బియ్యం కడిగిన నీళ్లలా తెల్లగా కారాయి. చీర ముక్కతో తుడిచింది. ముక్క నిండా సన్నటి తెల్లరవ్వ.

రాయి తెల్లగా, నున్నగా, శుభ్రంగా ఉంది. దాని మీద ఏమీ రాసి లేదు.

పర్సిస్ తల అటూ ఇటూ వంచి చూసింది. ఫోన్‌లో లైటు వేసి పక్కనుంచి చూసింది. మళ్లీ తడిపి చూసింది. గీతలాంటిది ఒకటి తోచింది, వేలు పెడితే అదీ రాలిపోయింది. అప్పుడర్థమైంది. చింతపండు కంచుకు మంచిది గానీ, వానలకూ ఎండలకూ లోపల పొడైపోయిన పాలరాయికి కాదు. పైగా ఆ నలుపే అక్షరాలను చూపిస్తూ ఉంది. ఇన్నేళ్లూ ఆ పేరును పట్టుకుని ఉన్నది ఆ మురికే. తను తోమింది మురికిని కాదు.

ఏడుపు రాలేదు. భయం వేసింది. తను అడిగిన మాట ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెవుల్లో మోగుతోంది. అచ్చం అలాగే.

వెతుక్కుంటూ వినయ్ వచ్చాడు. భార్య మోకాళ్ల మీద, తడిచేతులతో కూర్చుని ఉంటే గాబరాపడ్డాడు.

"ఏమైంది పర్సీ?"

"ఆ పేరు చదువు."

అతను వంగి చూశాడు. "ఏ పేరు? ఇక్కడేం లేదే."

"ఐడా," అంది పర్సిస్. "ఐడా అని ఉంది. ఒక్కగానొక్క బిడ్డ అని ఉంది."

వినయ్ ఆమె భుజం పట్టుకుని లేపాడు. ఈలోపు మిగతా ఇద్దరూ దిగి వచ్చారు. "అబ్బ, ఎంత తెల్లగా చేశావు పర్సీ! ఎవరి బిడ్డో, పుణ్యం నీకే," అంది ప్రేమజ్యోతి. దైవాశీర్వాదం రాయి చుట్టూ ఒకసారి తిరిగి, కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"అన్‌నోన్ చైల్డ్," అన్నాడు. "ఇలాంటివి చాలా ఉంటాయి ఇక్కడ. ఆ లాంబ్ చూడండి, బ్యూటిఫుల్." ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు.

ఆ రాయి మీద ఐడా పేరు చదివిన మనిషి ఇప్పుడు లోకంలో ఒక్కతే ఉంది. ఆమె సోమవారం విమానం ఎక్కుతుంది.

తిరుగుదారిలో ప్రేమజ్యోతికి మనసు ఆగలేదు. వెనకసీట్లో పక్కనే కూర్చున్న పర్సిస్ చెయ్యి పట్టుకుంది. "జూన్ దాకా నేనే వెళ్తానమ్మా. ఇవాళ చూపించు. ఆ చింతపండు రసం నాకిచ్చి వెళ్లు," అంది.

"అయిపోయిందక్కా."

"పోన్లే, నేను కలుపుకుంటా. చింతపండేగా."

పర్సిస్ చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. గోళ్లలో ఆ తెల్లరవ్వ ఇంకా ఉంది. కడిగినా పోలేదు.

ఆష్‌బర్న్ దగ్గరపడింది. "నెక్స్ట్ ఎగ్జిట్ అన్నా," అన్నాడు వినయ్ ముందుసీట్లోంచి. దైవాశీర్వాదం ఇండికేటర్ వేశాడు.

"వద్దన్నా. స్ట్రెయిట్‌గా పోనివ్వండి," అంది పర్సిస్.

వినయ్ వెనక్కి తిరిగాడు. "పర్సీ, రేపు చర్చి, ప్యాకింగ్. ఎల్లుండి ఫ్లైట్. మళ్లీ రాలేం."

"తెలుసు."

"మరి?"

"ఆ పాపకి నేనెలా చేస్తే హెప్సీకి అలాగే చేయించమని అడిగాను వినయ్. నోటితో అడిగాను. ఇంక దాని దగ్గరికి నన్ను తీసుకెళ్లకు. నేను వెళ్తే ముట్టుకోకుండా ఉండలేను. ఈ చేతులు దాని పేరు మీద పడకూడదు."

"దేవుడు అలా చేస్తాడా తల్లీ, తప్పు," అంది ప్రేమజ్యోతి. దైవాశీర్వాదం, పాతికేళ్లలో మొదటిసారేమో, ఇంకొకరి మాట కోసం పక్కసీట్లోని వినయ్‌ని చూశాడు. వినయ్ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

ఇండికేటర్ ఆగిపోయింది. ఎగ్జిట్ దాటిపోయింది. హెప్సీ ఉన్న సిమెట్రీ కంచె పక్కనుంచి పోతుంటే పర్సిస్ కళ్లు మూసుకోవాలనుకుని మూసుకోలేకపోయింది. రోడ్డు మీంచి చూస్తే అక్కడ పచ్చగడ్డి తప్ప ఏమీ కనిపించదు.